గోడ మీద రాజం పేరు

పంచాయతీ ఆఫీసు గోడకు బ్యాంకువాళ్లు బకాయిదారుల జాబితా అంటించిన రోజు ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. అప్పులు కట్టొద్దని అడవిలోంచి వచ్చి అన్నలు మీటింగు పెట్టి చెప్పి ఏడాదైంది. అప్పులిచ్చిన సొసైటీ కాగితాలన్నీ బజార్లో కుప్పపోసి కాల్చిందీ అప్పుడే. కాగితాలే లేనప్పుడు ఇంకేం అప్పులని జనం నవ్వుకుంటూ పోయారు. ముత్తవ్వ ఒక్కతే ఆగింది. చదువు రాదు కాబట్టి బడి పంతులుతో చదివించుకుంది. పదకొండో పేరు ఆమె పెనిమిటి రాజంది. బావి మోటరు అప్పు కట్టలేదని రాసి ఉంది.

రాజం చనిపోయి ఆరు నెలలు. ఆ అప్పు అతను నిరుడు ఎండాకాలంలోనే తీర్చేశాడు. కోరుట్ల అంగట్లో ఎడ్ల జత అమ్మి, పైసలు ఇంటికి కూడా తేకుండా నేరుగా సొసైటీలో కట్టి వచ్చాడు. ఖాళీ కొట్టం వైపు చూడలేక అన్నం కూడా గోడవైపు తిరిగి తిన్నాడు. పాసుబుక్కులో రాసి ఇస్తానని సొసైటీ సెక్రటరీ దశరథం రసీదును, పాసుబుక్కును తన దగ్గరే ఉంచుకున్నాడు. పది రోజులకు అవి రెండూ మంటల్లో పోయాయి.

ముత్తవ్వకు ఇంకో అప్పుంది, బర్రెది. అది నిజమైనదే. ఒక్కసారే కట్టలేనని జగిత్యాల బ్యాంకులో మొత్తుకుంటే, నెలకింత అని రెండేళ్లకు వాయిదాలు వేసిచ్చారు. బీడీలు చుట్టిన కూలితో నెలనెలా బస్సెక్కి పోయి కట్టి వచ్చేది.

ఊరికి అదే కంటగింపైంది. "ఊరంత ఒక దిక్కు, నువ్వొక్కదానివి ఒక దిక్కా? నువ్వు కడుతుంటె మమ్ములను కట్టుమనరా?" అని లసుమవ్వ ముఖానే అడిగింది.

"బర్రె పాలు నా ఇంట్లనే తాగిన్రు గదా, అవ్వా," అంది ముత్తవ్వ. అంతకంటే చెప్పడం ఆమెకు రాలేదు.

ఆనాటి నుంచి ఆమె చాట పట్టుకుని బీడీల అరుగు ఎక్కితే మిగతావాళ్లు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్లు. ఎదురింటి కిష్టవ్వ ఒక్కతే మాట్లాడేది. వరుసకు తోడికోడలు. ఆమె మొగుడి పేరూ రాజమే, ఇంటిపేరూ ఒకటే. అతను దుబాయి పోయి మూడేళ్లు. పొద్దుగూకితే ఇద్దరూ చెరో గడపలో కూర్చుని, బజారుకు అటొకరు ఇటొకరు మాట్లాడుకునేవాళ్లు.

తర్వాతి వాయిదా కట్టడానికి పోయినప్పుడు ముత్తవ్వ మేనేజరును అడిగింది. "సారూ, గా మోటరు అప్పు మేం కట్టినం. మా ఆయన పేరు తీసెయ్యున్రి."

"రసీదు ఏది?"

"కాలిపోయింది."

"అందరూ అదే అంటున్నరమ్మా. కట్టినట్టు ఏదన్న ఆధారం తే. మోటరు అప్పు గిట్లనే ఉంటె నీ వాయిదాలు గూడ రద్దయితయ్, మొత్తం ఒక్కసారే కట్టాలె."

కాగితాలు కాలిన తర్వాత దశరథం కుటుంబంతో సిరిసిల్ల పోయాడని విని ముత్తవ్వ అక్కడికి పోయింది. ఒక సందులో, మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య నూలు కండెలు మారుస్తూ కనిపించాడు. ఆమెను చూసి ముఖం పాలిపోయింది. బయటికి తీసుకొచ్చి, అటూ ఇటూ చూసి మాట్లాడాడు.

"మీ ఆయన కట్టిండు వదినా. నాకు యాదికున్నది. నోట్లు రెండుసార్లు లెక్కవెట్టి ఇచ్చిండు."

"గదే ముక్క రాసియ్యి."

"రాసిస్తె నేను వసూలు చేసిన్నని నా చేతి సంతకమే చెప్తది. ఇటు అన్నలు ఊకోరు, అటు పోలీసోళ్లు ఇడువరు. నాకు పిల్లలున్నరు."

ముత్తవ్వ బతిమాలలేదు. కొంగుతో చెమట తుడుచుకుని కదలబోయింది. దశరథం వెనకే నాలుగడుగులు వచ్చాడు.

"వసూలైన పైసలు తెల్లారే జగిత్యాలకు చలాన కట్టేటోణ్ణి. చలాన ఎనుక పేర్లు రాసేటోణ్ణి. కోరుట్ల అంగడి తెల్లారి చలాన దేవులాడుమను. నా పేరు మాత్రం తియ్యకు."

బ్యాంకులో గుమాస్తా రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి ముత్తవ్వ పొద్దున్నే పోయి బల్ల పక్కన నేల మీద కూర్చుంది. మధ్యాహ్నం తెచ్చుకున్న సద్ది అక్కడే తిన్నది. ఆమెను దాటుకుని తిరగలేక చివరికి అతను బీరువా పైనుంచి ఒక కట్ట దించాడు. చలానా దొరికింది. వెనక రాజం పేరు, కట్టిన పైసలు రాసి ఉన్నాయి. ఆ మొత్తం మోటరు అప్పుకు సరిగ్గా సరిపోయింది. కానీ అవి బ్యాంకు లెక్కలో ఇంకో రాజం ఖాతాకు చేరాయి, కిష్టవ్వ మొగుడి ఖాతాకు. దాంతో అతని అప్పు తీరినట్టు రాసుకున్నారు, అందుకే ఆ గోడ మీద వాళ్ల పేరు లేదు.

"అర్జీ మీద వేలుముద్ర వెయ్యమ్మా, మారుస్తం. గప్పుడు ఆ ఇంకో రాజం పేరు జాబితల ఎక్కుతది," అన్నాడు గుమాస్తా.

"రేపొస్త," అని లేచింది ముత్తవ్వ.

ఇల్లు చేరి తన గడప ఎక్కకుండా కిష్టవ్వ గడప ముందు నిలబడింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఊరందరి పేర్లున్నయ్, నీదొక్కటి ఉంటె ఏమైతది అక్కా?" అంది కిష్టవ్వ. "ఆయన లేని ఇంటికి వసూలుకు జీపు వస్తె నేనేం జెయ్యాలె?"

"ఎడ్లు మావి పోయినయి చెల్లె. మనిషి గూడ పోయిండు. ఆయన ఎగ్గొట్టిండని రాసుంటె నేను చూడలేను."

కిష్టవ్వ లోపలికి పోయి తలుపు దగ్గరేసుకుంది.

మర్నాడు ముత్తవ్వ వేలుముద్ర వేసింది. నెల తిరిగేసరికి గోడకు కొత్త జాబితా వచ్చింది. పంతులు రెండుసార్లు చదివాడు. ఒక రాజం పేరు పోయి, ఇంకో రాజం పేరు వచ్చింది. మీ ఆయనది పోయిందని పంతులు చెబితే ముత్తవ్వ తలూపింది. సంతోషం వస్తుందనుకుంది గానీ, కొత్త పేరు ఎక్కడుందో చూపించమంది.

జీపు రాలేదు, కానీ కిష్టవ్వ మళ్లీ మాట్లాడలేదు. పొద్దుగూకితే గడపలో కూర్చోవడం మానేసి ఇంటి వెనక్కి మారింది.

బర్రె అప్పుకు ఇంకా పదమూడు వాయిదాలున్నాయి. తర్వాతి నెల మొదటి బుధవారం ముత్తవ్వ రాయికల్ నుంచి జగిత్యాల పోయే బస్సు కోసం రోడ్డు మీద నిలబడింది. ఊరివాళ్లు ఇంకో నలుగురు చెట్టు నీడలో ఉన్నారు. ఆమె ఎండలోనే, కొంచెం ఎడంగా నిలబడింది. బస్సు రాగానే అందరూ ఎక్కిన తర్వాత ఎక్కింది.