మూడో దర్వాజ దగ్గర దుర్గవ్వ

సార్ పోయారన్న కబురు నాకు జడ్చర్ల బస్టాండులో తెలిసింది. పొద్దున షిఫ్టుకు కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంటే, ఆదివారాలు మాతో ఆట ఆడే నా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "సార్ పోయిండు. హైదరాబాద్ దవాఖానల, తెల్లారంగ," అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కాను, దిగాల్సిన చోట దిగాను. ఆ రోజు ఎన్ని మందుబిళ్లలు పరీక్షించానో గుర్తు లేదు. పది రోజుల కింద ఆయనతో ఆడిన అబద్ధం ఒక్కటే గుర్తుంది.

సార్ మహబూబ్‌నగర్‌లో మాకు పదో తరగతి లెక్కలు చెప్పారు. రిటైరయ్యాక ఆదివారం మూడింటికి పాత విద్యార్థులం నలుగురం వాళ్లింటికి పోయి ఆట ఆడేవాళ్లం. మీలో ఈ ఆట తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. తన మనిషి ఏం చేస్తాడో ఎవరికి వారే చెప్పాలి. అది జరుగుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. సార్ దగ్గర పాచిక లేదు, ఒకటి నుంచి ఇరవై దాకా రాసి మడిచిన చీటీలు వేసిన స్టీలు గ్లాసు ఉండేది. ఇరవై ముఖాల పాచికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, తెప్పిస్తామంటే, "గ్లాసు మంచిగనే ఉంది గద," అనేవారు. కథ ఒక కోటలో నడిచేది. అది ఆయన పుట్టిన దేవరకొండ గుట్ట మీది కోటే. పాత క్యాలెండర్ వెనక గుర్తున్నంత మేరకు ఆయనే గీశారు. దాని మీద మా నలుగురికీ నాలుగు చింతగింజలు, దారిలో ఎదురయ్యేవాళ్లకు కుంకుడుగింజలు. మధ్యలో మేడం, అంటే సార్ భార్య, మక్కపేలాలు తెచ్చి పెట్టేవారు.

మా ఒక్కొక్కరికీ ఒక కాగితం ఉండేది. బలం, వేగం, తెలివి, ఓర్పు, మాట, ఈ అయిదింటికీ ముప్పై పాయింట్లు మనిష్టం వచ్చినట్టు పంచుకోవాలి. అడుగున ఒక ఖాళీ గీత, దాని ముందు సార్ రాతలో, "ఈ మనిషికి ఏం కావాలె?"

నేను మార్కుల పిచ్చిదాన్ని. కొట్లాటలకు పనికొచ్చేవి బలం, వేగం అని మొదటి వారమే కనిపెట్టాను. మాట, ఓర్పు దగ్గర సున్నాలు పెట్టి, తెలివి దగ్గర ఒకటి వదిలి, మిగిలినదంతా వాటిలోనే పోశాను. నా మనిషి పేరు దుర్గవ్వ. అన్ని పాయింట్లు ఉండేసరికి, కొట్లాటలో మూడు దాటిన ఏ చీటీ వచ్చినా గెలిచేది. అడుగు గీతకు పాయింట్లు లేవు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. సార్ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

"లెక్కల తప్పు లేదు బిడ్డా. అండ్ల మనిషి ఏడుంది?"

"గెలుస్తది సార్, సాలదా?"

"గెలిచినంక యాడికి పోతది?"

నవ్వి కాగితం వెనక్కి తీసుకున్నాను. వేరేవాళ్లయితే నన్ను అడ్డుకోవడానికి నియమాలు మార్చేవాళ్లు. ఆయన మార్చలేదు. దుర్గవ్వను రెండేళ్లు గెలవనిచ్చారు. ఏదైనా ఎదురైనప్పుడు అద్దాలు తీసి చేతిలో పట్టుకుని, "ఇప్పుడేం చేస్తవ్?" అని అడిగేవారు. జవాబు ఎంత ఆలస్యమైనా తొందరపెట్టేవారు కాదు. లెక్క రాక బోర్డు దగ్గర నిలబడిపోయిన పిల్లలతో కూడా అంతే. నా జీవితంలో నన్ను అంత ఓపికగా చూసినవాళ్లు ఇంకొకరు లేరు. ఆ మాట ఆయనతో అనలేదు.

నేను పోయిన చివరి ఆదివారం కోట మూడో దర్వాజ దగ్గరికి చేరాం. కాపలాగా ఒక ముసలాయన, ఒక్క కుంకుడుగింజ. "లోపల నీకేం పని?" అని అందరినీ అడుగుతున్నాడు. ఒకడు తప్పిపోయిన తమ్ముణ్ని వెతకాలన్నాడు. ఒకామె తన తండాకు నీళ్లు కావాలంది. ఇంకొకడు పైనుంచి ఒక్కసారి ఊరు చూసుకుంటానన్నాడు. నా వంతు వచ్చింది.

"కొడత," అన్నాను.

"ఆయన చేతిల కట్టె గూడ లేదు," అన్నారు సార్.

"అయితేంది? నా పాయింట్లు మీ నియమం ప్రకారమే ఉన్నయి. ఊకె అడ్డం పడుతరెందుకు సార్?"

గొంతు పెద్దదయిందని నాకే తెలిసింది. సార్ చీటీలు తీసి క్యాలెండర్ మీద పోసి, వాటి మీద గ్లాసు బోర్లించారు. "కొట్లాడితే నువ్వే గెలుస్తవ్, నాకెరుకే. గని ఈయన కొట్లాటకు రాలె. జర ఆలోచించుకో. వచ్చే ఆదివారం చెప్పు."

వచ్చే ఆదివారం నేను పోలేదు. షిఫ్టు పడింది సార్ అని మెసేజ్ పెట్టాను. షిఫ్టూ లేదు, ఏమీ లేదు. తలస్నానం చేసి, అలిగి, ఇంట్లో పడుకున్నాను. ఆ పై ఆదివారానికి ఆయన దవాఖానలో ఉన్నారు.

అప్పటినుంచి ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. కంపెనీలో మిషన్ ఆగితే వినిపిస్తుంది, రైల్వే గేటు పడి బస్సు ఆగితే వినిపిస్తుంది. ఇప్పుడేం చేస్తవ్? అదే గొంతు, అదే నిదానం. తిట్టినట్టు వినిపిస్తే భరించేదాన్నేమో. ఆయన ఇంకా ఓపికగా ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది, నాకు భయమేస్తుంది.

పదకొండో రోజు వాళ్లింటికి పోయాను. భోజనాలయ్యాక మేడం నన్ను ముందు గదిలోకి పిలిచారు. క్యాలెండర్ బల్ల మీదే పరిచి ఉంది. నాలుగు చింతగింజలూ మూడో దర్వాజ బయటే ఉన్నాయి.

"ఆ ఆదివారం ముగ్గురే వచ్చిండ్రు," అన్నారు మేడం. "నీ గింజ పక్కకు పెట్టి ముందుకు పోదామన్నరు. సార్ ఒప్పుకోలె. దుర్గవ్వ రాంది దర్వాజ తెరువనన్నడు. గట్లనే కూసొని, పేలాలు తిని పోయిండ్రు." నా దిక్కు చూసి, "షిఫ్టుండెనా బిడ్డా ఆ దినం?" అని అడిగారు.

"లేకుండె మేడం."

ఆమె నాకు మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయారు.

క్యాలెండర్ కింద నా కాగితం ఉంది. పెన్సిల్ తీసుకున్నాను. అడుగు గీత నింపడానికి చాలాసేపు పట్టింది. "ఈ ముసలాయన పక్కన కూసోవాలె," అని రాశాను. బలంలోంచి కొన్ని పాయింట్లు తీసి మాటలో వేద్దామనుకున్నాను. నడిమధ్యలో మార్చుకోవడం సార్ నియమాల్లో లేదు, వేయలేదు.

నా చింతగింజను జరిపి కుంకుడుగింజ పక్కన పెట్టాను. బోర్లించిన గ్లాసును ముట్టుకోలేదు. దుర్గవ్వకు మాట రాదు. మేడం నీళ్లు తెచ్చేసరికి ఆ ఇద్దరూ మూసిన దర్వాజ ముందు ఊరికే కూర్చుని ఉన్నారు.