‘ఏమన్నారు సార్?’ అన్నందుకు ఎర్ర కార్డు

ఆ డబ్బాల ఫ్యాక్టరీలో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ అతను మైకే. మూతలు కొట్టే ప్రెస్ ముందు మీసం రాకముందు నిలబడ్డవాడు, మీసంలో తెల్ల వెంట్రుకలు కనిపించేదాకా అక్కడే ఉన్నాడు. ప్రెస్ పడ్డప్పుడల్లా నేల అదిరేది. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. అలా అరిచీ అరిచీ అతని గొంతుకు తగ్గడమంటే ఏమిటో తెలియకుండా పోయింది. ఇంట్లో ఉప్పు అందించమన్నా పక్కింటివాళ్ళు ఏదో గొడవ జరుగుతోందనుకునేవాళ్ళు.

గొంతు సంగతి అందరికీ తెలుసు. చెవుల సంగతి మాత్రం భార్యకొక్కదానికే తెలుసు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగం పనిచేస్తోంది. విజిల్ వినిపిస్తుంది, హారన్ వినిపిస్తుంది, దగ్గరికొచ్చి గట్టిగా అంటే మాటా వినిపిస్తుంది. మెల్లగా అన్నది మాత్రం పెదాలు కదిలినట్టుంటుందంతే. ఈ సంగతి ఫ్యాక్టరీలో తెలిస్తే ప్రెస్ మీదనుంచి తీసేసి ఏ గేటు దగ్గరో కూర్చోబెడతారని అతని భయం. అందుకే ఎవరేమన్నా తలూపేవాడు. పెళ్ళిళ్ళలో జోకులకు అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా, అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆదివారమైతే అతను వేరే మనిషి. ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్, వెనక వరుసలో నడిమి మనిషి. కాళ్ళలో వేగం తగ్గినా బంతి ఎక్కడ పడుతుందో ముందే అక్కడ ఉండేవాడు. అతని గొంతు గోల్‌పోస్టు దగ్గర మొదలైతే అవతలి గోల్‌పోస్టు దాకా ఖణేల్‌మని వినిపించేది. ఎదుటివాడి కాలికి తగిలినందుకు కార్డులు చాలానే తిన్నాడు, అవి న్యాయమేనని తనే ఒప్పుకునేవాడు. నోటి వల్ల మాత్రం ఒక్క కార్డూ లేదు. రెఫరీతో మాట్లాడాల్సి వస్తే చేతులు వెనక్కి కట్టుకుని, “సార్” అని మొదలుపెట్టేవాడు.

ఆ ఏడు లీగువాళ్ళు కొత్త నియమం పెట్టారు. రెఫరీతో వాదిస్తే కార్డు. కెప్టెన్ తప్ప ఎవరూ దగ్గరికి పోకూడదు, పోయినా మర్యాదగా మాట్లాడాలి. మైకు ఇది విని సంతోషించాడు కూడా. “మంచిదే. చిన్నాచితకా అంతా మీద పడి అరుస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు?” అన్నాడు గోల్‌కీపర్‌తో. ఆ గోల్‌కీపర్ అతని భార్య తమ్ముడే.

సెమీఫైనల్ బ్యాంకు జట్టుతో పడింది. ఆ జట్టు కెప్టెన్ చెదరని క్రాపు, తెల్లటి పలువరుస ఉన్న మనిషి. రెఫరీ భుజం మీద చేయి వేసి మాట్లాడే చనువుంది అతనికి. రెఫరీ వారమంతా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి ఆదివారం విజిల్ పట్టుకునేవాడు. లంచగొండి అని ఎవరూ అనలేదు. సన్నటి గొంతు, ఇస్త్రీ నలగని నిక్కరు, తన మాటంటే తనకు మహా గౌరవం.

మొదటి సగంలో ఫ్యాక్టరీవాళ్ళు కార్నర్ కొట్టారు. బంతి గాల్లో ఉండగానే బ్యాంకు ఆటగాడొకడు మైకు చొక్కాను వెనకనుంచి గుప్పెటతో పట్టి గుంజాడు. మైకు వెల్లకిలా పడ్డాడు. చొక్కా భుజం దగ్గర పర్రుమంది. విజిల్ మాత్రం మోగలేదు. లేచి దుమ్ము దులుపుకుని తన చోటికి వెళ్ళాడు.

కాసేపటికి బ్యాంకు కెప్టెన్‌ను ఆఫ్‌సైడ్ అన్నారు. అతను మైదానం సగం పరిగెత్తుకొచ్చి, రెఫరీ మొహంలో మొహం పెట్టి, “కళ్ళున్నాయా నీకు?” అని బంతిని నేలకేసి కొట్టాడు. బంతి రెఫరీ తల మీదుగా ఎగిరింది. రెఫరీ రెండు చేతులూ చాపి, “శాంతం, శాంతం” అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

రెండో సగంలో ఆట ఇంకా సమంగానే ఉంది. బ్యాంకువాళ్ళ కార్నర్. ఫ్యాక్టరీ కుర్రాడి చేయి ఎదుటివాడి చొక్కాకు తగిలిందో లేదో, రెఫరీ పెనాల్టీ చుక్క వైపు వేలు చూపించాడు.

మైకు తనవాళ్ళందర్నీ వెనక్కి నెట్టాడు. కెప్టెన్ తనే కాబట్టి తనే వెళ్ళాడు. అలవాటు ప్రకారం చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“సార్, ఇందాక అటువైపు నా చొక్కా చింపితే ఇవ్వలేదు కదా. ఇప్పుడు ఇదెలా ఇచ్చారు సార్?”

మాటలు మర్యాదగానే ఉన్నాయి. గొంతు మాత్రం మైకుది. అవతలి గేటు దగ్గర టీ తాగుతున్నవాళ్ళు కూడా తలతిప్పి చూశారు. రెఫరీ మొహం ఎర్రబడింది. జేబులోంచి పసుపు కార్డు తీసి ఎత్తి పట్టుకున్నాడు. పెదాలు కదిలించి ఏదో అన్నాడు.

మైకుకు కార్డు కనిపించింది, మాట వినిపించలేదు. వెళ్ళిపొమ్మన్నాడా, ఇంకేదైనా చెప్పాడా? తెలియకుండా వెనక్కి తిరిగితే అదీ తప్పవుతుందేమో. కాస్త ముందుకు వంగి, ఎడమ చెవి అటు తిప్పి అడిగాడు.

“ఏమన్నారు సార్?”

రెఫరీ మళ్ళీ పసుపు కార్డు తీశాడు, రెండోది కాబట్టి వెంటనే ఎర్రది తీసి, బయటికి వేలు చూపించాడు.

మైకు ఆ ఎర్ర కార్డు వైపు, తనవాళ్ళ వైపు మార్చి మార్చి చూశాడు. బావమరిది గోల్ వదిలేసి పరిగెత్తుకొచ్చి అతని నడుం పట్టుకుని పక్కకు లాగాడు. “పద బావా, పద. ఇంకొక్క మాట మాట్లాడకు.”

“నేనేమన్నాన్రా?” అన్నాడు మైకు. “ఏమన్నారని అడిగాను. అంతేగా?”

ఆ పెనాల్టీతో బ్యాంకు గెలిచింది. బట్టలు మార్చుకునే గదిలో మైకు షూ లేసులు విప్పుకోకుండా బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాడు. ఓడిపోయినందుకు కాదు. తల మీదుగా ఎగిరేలా బంతిని నేలకేసి కొట్టినవాడికి శాంతం, చేతులు కట్టుకుని అడిగినవాడికి ఎర్ర కార్డు. తలుచుకున్నకొద్దీ ఒళ్ళు మండిపోయింది.

రెఫరీ లీగుకు రాసి పంపిన మాటలు ఇంకా ఘోరం. ఫ్యాక్టరీ కెప్టెన్ బహిరంగంగా గద్దించాడట. హెచ్చరిస్తే, “మళ్ళీ అను చూద్దాం” అన్నట్టు మొహం ముందుకు పెట్టి వెక్కిరించాడట. విచారణకు రమ్మని కబురొచ్చింది.

భార్య టైలరింగ్ షాపుకు సెలవు పెట్టి వెంట బయల్దేరింది. దారిలో ఒకటే మాట: “చెవి సంగతి చెప్పేయండి. ఒక్క ముక్కతో తేలిపోతుంది.”

“చెప్తే రేపు ఫ్యాక్టరీకి తెలియదూ? ప్రెస్ మీద నిలబడనిస్తారా?”

“మరి వెక్కిరించాడనే పేరు మోస్తారా?”

అతను నడక వేగం పెంచాడు.

స్టేడియం మెట్ల కింద ఉంది లీగు గది. గోడ బీరువాలో దుమ్ము పట్టిన కప్పులు, కీచుమంటూ తిరిగే ఫ్యాను, పొడవాటి బల్ల. బల్ల వెనక ముగ్గురు. నడిమి పెద్దాయన ఒకప్పుడు పేరున్న ఆటగాడు. కార్యదర్శి తల ఎత్తకుండా కాగితాల్లోకే మాట్లాడే రకం. రెఫరీ మూల కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. భార్యను గుమ్మం దగ్గరే ఆపేశారు.

కార్యదర్శి గొణుగుతూ చదివాడు. ఫ్యాను చప్పుడులో మైకుకు ఒక్క ముక్కా అందలేదు.

“ఏమిటండీ?” అన్నాడు.

గది దద్దరిల్లింది. రెఫరీ పెద్దాయన వైపు తిరిగి, “చూశారా? ఇక్కడ కూడా అదే వరస” అన్నాడు. ఈసారి ఆ మాట మైకుకు వినిపించింది.

పెద్దాయన గొంతు పెంచాడు. “ఇదిగో బాబూ, క్షమాపణ రాసి ఇచ్చెయ్. రెండు మ్యాచులతో పోతుంది. లేదంటే పై సీజను సగం దాకా ఆడలేవు.”

“దేనికి క్షమాపణ?”

“అరిచినందుకు.”

“బ్యాంకు కెప్టెన్ బంతిని నేలకేసి కొట్టాడు. కళ్ళున్నాయా అన్నాడు. ఆయన రాసిచ్చాడా?”

“అది ఇవాళ్టి విషయం కాదు,” అన్నాడు కార్యదర్శి.

“మరి ఏ రోజు విషయం అండీ? ఆ రోజు చెప్పండి, పని మానుకుని వస్తాను.”

గుమ్మం దగ్గరనుంచి భార్య అతని వైపే చూస్తోంది. ఆ సంగతి చెప్పాల్సింది తను కాదని ఆమెకు తెలుసు. మైకు బల్ల అంచు పట్టుకున్నాడు. ఎన్నేళ్ళుగానో గుట్టుగా దాచుకున్నది నోట్లోంచి ఊడిపడింది.

“నాకు చెవులు వినపడవు సార్. కుడిది అసలు లేదు. నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలియదు. ఆయన ఏదో అన్నారు, వినపడలేదు, ఏమన్నారని అడిగాను. దొంగతనం చేశానా? తిట్టానా? వినపడక అడిగాను.”

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెఫరీ కాలు దించి నేల మీద పెట్టాడు. ఇక అయిపోయింది, తప్పు తెలుసుకుంటారనుకుంది భార్య.

కార్యదర్శి మొదటిసారి తలెత్తాడు. “అలాగైతే, వినపడని మనిషి కెప్టెన్‌గా ఎలా ఉంటాడు? రెఫరీ చెప్పింది జట్టుకు ఎలా చేరుస్తాడు?”

మైకు తెల్లబోయాడు. ఇన్నేళ్ళు జట్టును నడిపింది ఎవరు మరి? గోడకు చెప్పుకున్నట్టయింది. చివరికి తేల్చిందేమిటంటే, దయతలచి శిక్ష పై సీజను మూడు మ్యాచులకు తగ్గించారు. ఎర్ర కార్డు మాత్రం కొట్టేయలేదు, రెఫరీ గౌరవం ఏమైపోవాలి? కెప్టెన్సీ ఇంకొకరికి ఇవ్వాలన్నారు.

బయటికి వచ్చాక భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. “నా మాట విని చెప్పారు. ఉన్నదీ పోయింది.”

“నువ్వు చెప్పింది సరైనదే,” అన్నాడతను. “వాళ్ళకే చెవుల్లేవు.”

మర్నాడే కబురు ఫ్యాక్టరీ చేరింది. సూపర్‌వైజర్ మైకును పిలిపించాడు. వెళ్ళి, తల వంచుకుని, చెవులు పోయిన మాట నిజమేనన్నాడు.

సూపర్‌వైజర్ అరచెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. “ఏంటీ? కాస్త గట్టిగా చెప్పు.”

మైకు మళ్ళీ చెప్పాడు.

“ఓస్, అదా! ఈ షెడ్డులో చెవులు తిన్నగా ఉన్నవాడు ఎవడోయ్? నిన్ను తీసేస్తే మిషన్ నేను నడుపుతానా? పో, పని చూసుకో.”

నవ్వొచ్చింది మైకుకు. ప్రెస్ దగ్గరికి తిరిగొచ్చేలోపే ఆ నవ్వు కోపమైంది. అందరికీ చెవులు పోయాయని తెలిసి కూడా ఇన్నాళ్ళూ చెవుల్లో పెట్టుకునేందుకు దూదైనా ఇవ్వలేదే ఈ మనిషి! మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి ఆ మాటా అడిగేశాడు. అది తేలడానికి నెలలు పట్టిందిగానీ, చెవులకు పెట్టుకునే మూతలు చివరికి వచ్చాయి. ఒకసారి నోరు విప్పినవాడికి మళ్ళీ మూసుకోవడం కష్టం.

కొత్త సీజనులో కెప్టెన్ పట్టీ బావమరిది చేతికి కట్టారు. అతను కట్టించుకోనని మొండికేశాడు. మైకే బలవంతం చేశాడు. మూడు మ్యాచులూ బయట కూర్చున్నాడు. నాలుగోది బ్యాంకుతో పడింది. విజిల్ మళ్ళీ ఆ ఇన్సూరెన్స్ ఆఫీసు ఆయనదే.

ఆట మొదలుకాకముందు రెఫరీ మైకు దగ్గరికొచ్చాడు. పసిపిల్లవాడితో మాట్లాడినట్టు ఒక్కో మాట సాగదీస్తూ, చేతులు ఊపుతూ, “ఇవాళ... అంతా... బాగుంటుంది. సరేనా?” అని భుజం తట్టాడు. బ్యాంకు కెప్టెన్ పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. మైకుకు ఎర్ర కార్డు రోజున కూడా అంత అవమానం అనిపించలేదు.

ఆట మధ్యలో బ్యాంకువాళ్ళ గోల్ ముందు, పెనాల్టీ బాక్సులో ఫ్యాక్టరీ ఆటగాణ్ణి చొక్కా పట్టి కింద పడేశారు. రెఫరీ చూశాడు. లేచి ఆడమన్నట్టు చెయ్యి ఊపాడు.

బావమరిది అవతలి చివర గోల్‌లో ఉన్నాడు. అతను వచ్చేలోపు మైకు నడిచి వెళ్ళాడు. కెప్టెన్ కానివాడు మాట్లాడితే ఏం వస్తుందో అతనికి బాగా తెలుసు.

“సార్, నా మీద జాలి వద్దు. అటు ఏదిస్తే ఇటూ అదే ఇవ్వండి. అంతకంటే అక్కర్లేదు.”

ఈసారి గొంతు పెద్దదని అతనికీ తెలుసు. కావాలనే తగ్గించలేదు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు, గేటు దగ్గరివాళ్ళు, లైన్స్‌మన్లు అందరూ విన్నారు. రెఫరీ పసుపు కార్డు చూపించాడు. మైకు తలూపి తన చోటికి వెళ్ళిపోయాడు.

పదినిమిషాలు తిరక్కుండానే బ్యాంకు కెప్టెన్‌పై ఫౌల్ ఇచ్చారు. అలవాటు ప్రకారం అతను బంతిని నేలకేసి కొట్టి, “కళ్ళున్నాయా?” అని మీదికి వచ్చాడు. రెఫరీ చేతులు చాపాడు, శాంతం అనబోయాడు. అప్పుడు గమనించాడు. మైదానం చుట్టూ ఉన్నవాళ్ళంతా నోళ్ళు మూసుకుని తన జేబు వైపే చూస్తున్నారు. చెయ్యి కాసేపు గాల్లో ఆగింది. తర్వాత జేబులోకి వెళ్ళింది.

“నాకా?” అన్నాడు బ్యాంకు కెప్టెన్. పాపం, అతను నిజంగానే నమ్మలేకపోయాడు.

ఆట సమంగా ముగిసింది. ఇంటికి పోతూ బావమరిది గంతులేస్తున్నాడు. “సాధించావు బావా! వాడికీ ఇచ్చాడు, చూశావా వాడి మొహం?”

“ఏం సాధించాన్రా? ఒక్కటి. ఇన్నేళ్ళకు ఒక్కటి,” అన్నాడు మైకు. “అయినా వాడికిచ్చినంత మాత్రాన నాకిచ్చింది న్యాయమైపోతుందా? మనవాణ్ణి పడేస్తే పెనాల్టీ ఇచ్చాడా?”

ఇంటి మలుపు తిరిగేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. దూరంనుంచే ఆమెకు అంతా వినిపించింది. వీధిలో కిటికీలు ఒకటొకటే తెరుచుకున్నాయి. మైకు గొంతు తగ్గించలేదు, ఆమె కూడా తగ్గించమని సైగ చేయలేదు.