మాటకు వదిలిన జాగా

కుత్బుల్లాపూర్ కాలనీ వదిలి కొంపల్లి అపార్ట్‌మెంట్‌కి వచ్చినప్పటి నుంచి నా ప్రాణం కుదురుగా లేదు. నీళ్లు బాగానే వస్తున్నాయి, లిఫ్ట్ ఉంది, మా ఆయన డ్యూటీకి బండి మీద వెళ్లడానికి దారి కూడా పర్వాలేదు. నా గుబులంతా నాలుగో తరగతి చదివే మా అమ్మాయి మాట గురించే. ఇక్కడి పిల్లలు కొట్టుకున్నా ఇంగ్లీషులోనే కొట్టుకుంటారు, తెలుగు మాట్లాడినా పుస్తకంలోలా మాట్లాడతారు. మాది నోరు తెరిస్తే "గట్లెందుకు జేస్తున్నవ్?" అంటుంది. దీన్ని ఎవరు కలుపుకుంటారని ఒకటే బెంగ.

అందుకే గడప దాటే ముందు రోజూ పాఠం చెప్పేదాన్ని. "మెల్లగ మాట్లాడు. గట్ల గిట్ల అనకు. ఎవలన్న ఇంటే నవ్వుతరు." ఆ పాఠమూ ఆ యాసలోనే చెబుతున్నానని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఆయనకేం, పొద్దున పోతే చీకటి పడ్డాక గానీ రాడు.

వేసవి సెలవుల్లో కార్లు బయటికి వెళ్లిపోయాక, సెల్లార్‌లో చాప వేసుకుని పిల్లలు కామిక్స్ తయారుచేయడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు అబ్బాయి బొమ్మలు వేసేవాడు, వాడి చెల్లెలు రంగులు. మా అమ్మాయికి మాటలు రాసే పని ఇచ్చారని తెలిసింది. ఏ పనైనా ఇవ్వచ్చు, మాటలే ఇవ్వాలా?

మొదటి రోజే గొడవైంది. కూరగాయలకని దిగినదాన్ని స్తంభం వెనక నిలబడిపోయాను. బస్సు బొమ్మ అంతా పూర్తయ్యాక మాటల బుడగకు చోటు లేక, మా అమ్మాయి దాన్ని బస్సు మీదే గీసేసింది. అబ్బాయి పెన్సిల్ విసిరికొట్టాడు.

"నా బస్ మొత్తం కనిపించట్లేదు."

"మరి మాట యాడ రాయాలె? నువ్వు జాగనే ఉంచలే."

అయిపోయింది, రేపటి నుంచి దీన్ని రానివ్వరు అనుకున్నాను. పైకి తీసుకుపోదామని ఒక అడుగు వేశాను కూడా. వాడు కాసేపు కాగితం వంక చూసి, కొత్తది తీసుకుని, "ఎంత పెద్ద మాట?" అని అడిగాడు. మా అమ్మాయి తను రాయబోయే మాట పైకి చెప్పింది. వాడు ముందు బుడగ గీసి, మిగిలిన చోట్లో బస్సు వేశాడు. బస్సు చిన్నదైపోయింది. ఎర్ర రంగు వేస్తే కనిపిస్తుందిలే అని చెల్లెలు సర్దిచెప్పింది.

అప్పటి నుంచి వాళ్ల పద్ధతి అదే. ముందు మాట, తర్వాత బొమ్మ. నాకు మాత్రం నెమ్మది లేదు. ఒక సాయంత్రం పాలు కాస్తుంటే వంటింటి కిటికీలోంచి వాళ్ల నవ్వులు వినిపించాయి. మధ్యలో మా అమ్మాయి గొంతు, "గట్ల అనకు, ఎవలన్న ఇంటే నవ్వుతరు" అని. దీని యాసను వెక్కిరిస్తున్నారనుకున్నాను. స్టవ్ ఆర్పి, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగాను.

ఎవరూ ఏడవడం లేదు. చాప మీద కాగితం పరిచి ఉంది. మొదటి గడిలో ఒక రాక్షసుడు బస్సెక్కుతున్నాడు. వెనకే కొంగు బిగించిన వాళ్లమ్మ, "గట్టిగ ఒర్రకు" అంటోంది. తర్వాతి గడిలో "గట్టిగ ఒర్రకు, గట్ల అనకు." ఆ తర్వాత ఇంకా పెద్ద బుడగ. గడి గడికీ అమ్మ మాట పెరుగుతోంది, రాక్షసుడికి చోటు తగ్గుతోంది. చివరికి వాడు మూలన బొటనవేలంత మిగిలాడు.

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

"ఎవలే గీ అమ్మ?"

"రాక్షసుని అమ్మ," అంది మా అమ్మాయి, నా వైపు చూడకుండా.

"ఆంటీ, ఇంకో గడి ఉంది," అన్నాడు అబ్బాయి. "ఇందులో వాళ్లమ్మ ఏమంటుందో మాకు తెలియట్లేదు. ఎంత జాగా వదలాలి?"

ముగ్గురూ నా నోటి వంక చూస్తున్నారు.

"కొంచెమే వదులు," అన్నాను.

"ఏం రాయాలె?" అని అడిగింది మా అమ్మాయి.

"చెప్పు బిడ్డా, ఇంటున్న."

అది అలాగే రాసింది. అబ్బాయి రాక్షసుణ్ని బస్సు కంటే ఎత్తుగా గీసి, వాడి నోటి పక్కన పెద్ద బుడగ ఖాళీగా వదిలాడు. మా అమ్మాయి పెన్సిల్ అందుకుంది. అందులో ఏం రాస్తుందోనని భయపడుతూనే నేను చాప మీద కూర్చున్నాను.