సముద్రం బందు

హైదరాబాదు కొత్తపేటలో చేపలమ్మే నాంచారమ్మ సొంతూరు కృష్ణానది సముద్రంలో కలిసే చోటున్న చిన్న దీవి. పెద్ద బోట్లవాళ్ళు దోమతెరలాంటి వలలతో పిల్లచేపల్ని కూడా ఊడ్చుకుపోయారు. వేట లేక ఆమె నగరానికి వచ్చింది గానీ, ఆ కోపాన్ని దీవిలో వదిలి రాలేదు. ఏటా ప్రభుత్వం సముద్రంలో వేట నిషేధించే నలభై ఏడు రోజులూ చెరువు చేపలే అమ్ముతుంది.

2010 ఏప్రిల్లోనూ పలక మీద ‘సముద్రం బందు’ అని రాసి వేలాడదీసింది. ఉద్యమంలో తిరిగే పక్కవీధి మహేందర్ అది చూసి మండిపడ్డాడు.

“ఏందక్కా, మేం తెలంగాణ కోసం బంద్ జేస్తుంటే, మీ ఆంధ్రోళ్ళు మా మీద పోటీ బంద్ పెట్టిన్రా?”

నాంచారమ్మ కత్తిపీట పక్కకు తోసి లేచింది.

“మీ మీద కాదు. ఇది చేప గుడ్లు పెట్టే కాలం.”

“మరి అవతలి దుకాణంల సముద్రపు వంజరం చేప దొరుకుతున్నది గదా.”

“నువ్వు కొంటావనే ఆ దొంగ వేట. మీరు బందన్న ప్రతిసారీ, ఎందుకని అడక్కుండా షట్టర్ దించాను. చేప బందుకి నువ్వు నోరు కట్టుకోలేవా?”