రియాక్టరుకు దిష్టి తగలకూడదని

అరచేయంత యంత్రంతో కంపెనీ మొత్తాన్ని మండుటెండలో రోడ్డు మీద నిలబెట్టిన ఘనుడు ఒకడున్నాడు. ఎవరా అని వెతక్కండి, ఇది రాస్తున్నది వాడే.

అప్పుడు నేను గుంటూరు శివార్లలో ఒక మందుల కంపెనీ ల్యాబులో తాత్కాలిక ఉద్యోగిని. మాకు కొత్తగా మైక్రోరియాక్టరు వచ్చింది. చూడ్డానికి స్టీలు టిఫిన్ డబ్బా మూతలా ఉంటుంది. లోపల వెంట్రుక మందాన కాలువలు. వాటిలో రసాయనం పారుతుండగా రెండొందల యాభై డిగ్రీల వేడి, లారీ టైరు సిగ్గుపడేంత ఒత్తిడి పెడతారు. పెద్ద పాత్రలో గంటలు పట్టే పని నిమిషంలో తేలిపోతుంది. ప్రమాదం కాదా అని అడిగితే మా ల్యాబు పెద్ద పద్మజ మేడమ్ నవ్వేవారు.

"లోపల ఉండేది రెండు చెంచాలేనయ్యా. ఏదన్నా అయినా తుమ్మినంత చప్పుడు, అంతే."

ఆ తుమ్ము సంగతి కాస్త గుర్తుంచుకోండి.

దీన్ని చూడ్డానికి హైదరాబాదు నుంచి పెద్దలు వస్తున్నారన్నారు. సరిగ్గా నడిస్తే నా ఉద్యోగం పర్మనెంటు. లేదంటే ఇంటికెళ్లి అమ్మ పక్కన కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీయడమే. ఫోన్లో అమ్మకు చెప్పాను.

"అంతమంది కళ్లు పడతాయిరా. ఏడు ఎండు మిరపకాయలు దిష్టి తిప్పి దానికే కట్టు" అంది.

మా ఇంట్లో ట్రాక్టరుకైనా మిక్సీకైనా ఇదే మర్యాద. కానీ మేడమ్‌కు ఇలాంటివి గిట్టవు. అందుకని బాగా ఆలోచించి, ఎవరికీ కనబడని చోట కట్టాను. ఎక్కడంటే, రియాక్టరును వేడిచేసే పెట్టె లోపల.

పెద్దలు వచ్చారు. స్విచ్ వేసి, ఒత్తిడి ముల్లును నేనే కన్నట్టు మురిసిపోతూ చూపిస్తున్నాను. వేడి రెండొందలకు చేరిందో లేదో మేడమ్ తుమ్మారు. తర్వాత వచ్చినవాళ్లలో పెద్దాయన. ఆ తర్వాత వంతులు లేవు, అంతా బృందగానమే. కళ్లలో కృష్ణా కాలువ, గొంతులో కొలిమి.

"లీకా?" మేడమ్ దగ్గుతూ అడిగారు.

"లీకే మేడమ్. కొత్త రకం గ్యాసేదో పుట్టినట్టుంది." ఎమ్మెస్సీ చదివాను కదండీ.

స్విచ్ కట్టేసి అలారం నొక్కాను. అందరం రోడ్డున పడ్డాం. పెద్దాయన ఒక ఆమ్లం పేరు చెప్పారు. రెండో ఆయన అంతకంటే పొడుగు పేరు చెప్పారు. నేను తలూపుతూ రెండూ రాసుకున్నాను. గేటు దగ్గర ఊడుస్తున్న కోటమ్మ చీపురు ఆపి గాలి పీల్చింది.

"లోపల మిరపకాయలు మాడుతుంటే ఇంతమంది ఇక్కడ నిలబడ్డారేందయ్యా?"

గుంటూరులో పుట్టిన పాతికమందిమి నేల చూపులు చూశాం. మేడమ్ మాత్రం నన్ను చూశారు.

"దిష్టికా బాబూ?" అంది కోటమ్మ. అవునన్నాను. "ఇంత ఘాటొచ్చిందంటే మిషనుకి దిష్టి లేదులే. ఉంటే వాసనే రాదు."

నిజంగానే లేదు. గాలి తేరుకున్నాక చూస్తే యంత్రం చుక్క కూడా కారలేదు. మళ్లీ నడిపితే ముత్యంలా నడిచింది. పెద్దలు ఎర్రటి కళ్లతోనే మెచ్చుకున్నారు. నా ఉద్యోగం నిలిచింది. కాకపోతే స్విచ్ వేసేముందు చూసుకోవాల్సిన వాటి పట్టికలో మేడమ్ ఒక వరుస చేర్చారు: "పెట్టెలో మిరపకాయలు లేవు." రోజూ దాని ఎదురుగా సంతకం పెట్టేది నేనే.

కాబట్టి మాడి మసైన ఆ ఏడు మిరపకాయల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రానికీ దిష్టి తీయను. తీయక తప్పకపోతే, ముందు స్విచ్ కట్టేసి తీస్తాను.