విసిరిన గొడ్డలి

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే అతన్ని అందరూ లాపాయింటు అంటారు. వెంట్రుకవాసి తేడానైనా వేలి కొసతో పట్టేసే మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం వెనక గదిలో, బల్ల మీది అద్దాల పొడి తుడిచి పాచికలు పరిచేవాడు. ఒక్కొక్కరూ ఒక్కో వీరుడి వేషం కట్టి, మాటలతోనే యుద్ధాలు చేసే ఆట అది. కొండలూ రాక్షసులూ అన్నీ ఆట నడిపేవాడి నోట్లోంచే రావాలి. తగాదా వస్తే తీర్పూ అతనిదే. లోకంలో న్యాయం చెప్పే కుర్చీలు చాలా రకాలున్నాయి గానీ, ముక్కాలిపీటైనా సరే, ఎక్కినవాడి మెడ కాస్త బిగుసుకోక మానదు.

ఆడేవాళ్ళు ముగ్గురు: ఎలక్ట్రీషియను, బడిపంతులమ్మ, లాపాయింటు అక్క. బావ పోయాక మాటే మరిచిన అక్క మూడేళ్ళ కిందట ఈ బల్ల దగ్గరే మళ్ళీ నోరు విప్పింది. ఆమె వేషం ఒక ముసలి మంత్రగత్తె. ఆ గదిలో చచ్చిన వేషాన్ని మళ్ళీ బతికించే నియమం లేదు.

ఆ ఆదివారం ఆట నడుపుతున్న లాపాయింటు రాక్షసుడి దెబ్బలన్నీ వరసగా తప్పాయి.

“ఒరేయ్ తమ్ముడూ, మీవాడికి ఓ కళ్ళజోడు చేసిపెట్టరా!” అంది అక్క.

పంతులమ్మ పడీపడీ నవ్వింది. లాపాయింటుకి ఎక్కడో చురుక్కుమంది. రాక్షసుడి చేత మంత్రగత్తె మీదికి గొడ్డలి విసిరించాడు. ఈసారి పాచిక నిండుగా పడింది.

“కవచ మంత్రం వేశాను. దూరం నుంచి వచ్చే ఆయుధం ఆగుతుంది,” అంది అక్క.

“బాణమైతే ఆగుతుంది. గొడ్డలి చేతి ఆయుధాల పట్టికలో ఉంది. ఆగదు.”

“విసిరేశాక ఇంకా చేతిదేంటి గురూ?” అన్నాడు ఎలక్ట్రీషియను.

“ఇలాంటిదే ఎప్పుడో వచ్చిందండీ. మీ తీర్పుల నోటుబుక్కు ఓసారి చూడండి,” అంది పంతులమ్మ.

“చూడక్కర్లేదు. నాకు నోటికొచ్చు.”

నిజంగానే నోటికొచ్చు. సిగ్గంతా అక్కడే ఉంది. కిందటేడు ఎలక్ట్రీషియను ఆట నడిపినప్పుడు, తన వీరుడి మీదికి కత్తి విసిరితే, అరగంట వాదించి తానే రాయించిన తీర్పు అది: చెయ్యి వదిలిన ఆయుధం ఏదైనా దూరపు ఆయుధమే. ఈరోజు మాత్రం తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటూ నోటుబుక్కున్న సొరుగు తెరవలేదు; మంత్రగత్తె చచ్చిందనే తేల్చాడు. అక్క తన మంత్రగత్తె వివరాలు రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. తరవాత రెండు ఆదివారాలు రాలేదు.

ఆ రోజుల్లో లాపాయింటు రెండు అద్దాలు పగలగొట్టాడు. కంచే చేను మేసిందన్న మాట చెవిలో జోరీగలా తిరిగింది. చివరికి ఓ పొద్దున నోటుబుక్కు చంకలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె వరండాలో బట్టలు ఆరేస్తోంది. తలెత్తకుండానే పేజీ తీసి చూపించాడు.

“నాకెందుకురా చూపిస్తావ్? రాసింది నేనేగా. నీ రాత కోడి గెలికినట్టుంటుందని నాచేతే రాయించావు.”

అతనికి తల కొట్టేసినట్టయింది.

“మరి ఆరోజే అనొచ్చుగా అక్కా?”

“నలుగురిలో నిన్ను అబద్ధాలకోరని నేనెలా అంటాన్రా?” తడిచీర దులిపి తీగ మీద వేసింది. “చెప్పాలనుంటే ఇక్కడ కాదు. అక్కడ చెప్పు.”

ఆదివారం అక్క కూడా వచ్చింది. లాపాయింటు లేచి నిలబడి ఆ తీర్పు చదివాడు. తెలిసే దాచానని కూడా చెప్పాడు. ఎలక్ట్రీషియను ఒక్క ఎగతాళి చేసినా ఊపిరాడేది, ఎవరూ చెయ్యలేదు.

అక్క కాగితం మడతలు విప్పి అరచేత్తో చదును చేసింది.

“గొడ్డలి ఆగింది కదా. ఇప్పుడు నా వంతు.”

అతను పాచికలు ఆమెవైపు తోశాడు. నోటుబుక్కు మాత్రం మళ్ళీ సొరుగులో పెట్టలేదు. నలుగురికీ అందేలా బల్ల మధ్యలో, తెరిచే ఉంచాడు.