డిస్క్ బ్రేకుకు బొట్టు

నేను తొమ్మిదో తరగతిలోనే చదువుకు బ్రేక్ వేశాను. నా జన్మలో అనుకున్న చోట అనుకున్నట్టు పడిన బ్రేక్ అదొక్కటే. రెండోది వేయబోయి ఒక మంచి బండినీ, ఇంట్లో నాకు మిగిలిన కాస్త పరువునీ, దసరా పండగనీ ఒకే ఉదయం పోగొట్టుకున్నాను. ఆ ముచ్చటే చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా వీధివాళ్ళు నాకు అలవాటు చేసేశారు.

ముందు బండి సంగతి. అది మా మామగారిది. ఆయన కడప వైపు కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి, ముప్పై ఏళ్ళు స్తంభం నుంచి స్తంభానికి ఆ మోటార్ సైకిల్ మీదే తిరిగాడు. నిఖార్సయిన ఇనుము. స్టార్ట్ చేస్తే పై అంతస్తులో గిన్నెలు కదిలేవి. లోపమల్లా పాతకాలపు డ్రమ్ బ్రేకులే. ముందు బ్రేక్ పట్టుకుంటే అది కాసేపు ఆలోచించి, నలుగురు పెద్దమనుషులను సంప్రదించి, అప్పుడు ఒక నిర్ణయానికి వచ్చేది. వెనక బ్రేక్ సలహా ఇచ్చేది, అంతే.

ఆయన పోయాక బండి కూతురు సరళకు వచ్చింది. సరళ అంటే నా భార్య. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని. ఆ కంపెనీ వాళ్ళను ఎక్కించి దింపే క్యాబ్ నాది. ఒకరోజు ఎక్కింది, దిగడం మరిచిపోయింది. మా పెళ్ళి కథ అంతకన్నా పొడవు లేదు.

కిందటేడు వానల్లో కొండాపూర్ సిగ్నల్ దగ్గర మా ముందు ఆటో ఆగింది. మా బండి ఆలోచనలో పడింది. అది తేల్చుకునేలోగా వెనక కూర్చున్న సరళ కిందపడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆమె ఆ బండి ఎక్కలేదు. నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దానికో గుడ్డ కప్పి పెట్టాం. ఆమె ఆఫీసుకు వెళ్తూ అటువైపు చూడకుండా నడిచేది. చూడకుండా నడవడానికి కూడా చాలా చూసుకోవాలని నాకు అప్పుడే తెలిసింది.

అలాంటి సమయంలో సరళ అన్న శంకర్ వచ్చాడు. బాచుపల్లిలో ప్లాట్లు అమ్ముతాడు. నన్ను చూస్తే, సరిహద్దు రాళ్ళు లేని ప్లాటును చూసినట్టు చూస్తాడు.

"బావా, ఎవురో విల్లా ఆయన ఈ బండి అడుగుతాండాడు. హాల్లో నిలబెట్టుకుంటాడంట, అలంకారానికి."

"మామ బండిని పూలకుండీ చేస్తవా బావా?"

"ఆగని బండి ఇంకేంటికి పనికొస్తాది?"

 సరళ నాతో అంది: "దసరాకు నేను దాని మీద కూర్చోగలిగితే మనింట్లోనే ఉంటాది. లేకుంటే అన్న తీసకపోనీ. నాయన బండిని అట్ల గుడ్డ కింద చూడలేకుండా ఉండా."

మర్నాడే బండిని చందానగర్‌లో యూసుఫ్ భాయ్ దగ్గరికి తోసుకుపోయాను. పాత బండ్లకు ఆయనే పెద్ద డాక్టర్. ముందు చక్రానికి డ్రమ్ము పీకి డిస్క్ బ్రేక్ పెట్టమన్నాను.

"డెబ్బై ఏండ్ల ముసలోనికి కొత్త మోకాలు పెట్టిస్తున్నవ్ మియా," అన్నాడు భాయ్. "పెడత. గని తొందర చెయ్యకు."

వారం పట్టింది. డ్రమ్ములో బ్రేక్ సామానంతా చక్రం కడుపులో దాగి ఉంటుంది. డిస్క్‌లో అలా కాదు. చక్రం పక్కన ఒక ఉక్కు ప్లేటు బయటికే కనబడుతూ తిరుగుతుంది, దాన్ని రెండు ప్యాడ్లు రెండు వైపులా పట్టి ఆపుతాయి. పరీక్షకు ఎక్కి బ్రేక్ మీద రెండు వేళ్ళు వేశాను. బండి ఆగింది, నేను ఆగలేదు. ట్యాంకు మీది దాకా జారి హ్యాండిల్‌ను కౌగిలించుకున్నాను. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కొంత ఆనందంతో, కొంత తగలరాని చోట తగిలినందుకు.

"ఒక్క మాట యాద్ పెట్టుకో," అన్నాడు భాయ్. "ఈ ప్లేటుకు నూనె గిట్ల అంటనియ్యకు. చుక్క తగిలినా బ్రేక్ పడదు."

"నాకు చెప్తవా భాయ్. పదేండ్ల సంది స్టీరింగ్ పట్టినోన్ని."

ఈ ఒక్క వాక్యం వల్ల ఎంతమంది స్టీరింగ్‌గాళ్ళు మునిగారో లెక్క లేదు.

దసరా పొద్దున సరళే స్వయంగా గుడ్డ తీసింది. బండిని తుడిచింది. ట్యాంకు మీద వాళ్ళ నాయన మోకాలు రాసుకుని రంగు పోయిన చోట ఆమె చెయ్యి కాసేపు ఆగింది. దండ వేశాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. శంకర్ చేతులు కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు, పరీక్ష హాల్లో స్క్వాడ్ మనిషిలా.

ఇక బొట్లు. హెడ్‌లైటుకు పెట్టాను, హ్యాండిల్‌కు పెట్టాను. ఈ సంబరానికంతటికీ కారణమైన కొత్త బ్రేకుకు పెట్టకపోతే ఎలా? తళతళలాడే ప్లేటుకు కుంకుమ పెట్టాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది.

"చాల్లే, వదిలెయ్," అంది సరళ.

"అసలు దేవుడు ఈడనే ఉన్నడు," అని దీపపు కుందిలోంచి నువ్వుల నూనె తీసి కుంకుమ కలిపాను. అబ్బ, ఎంత చక్కగా అంటుకుందో. ఒకవైపు మూడు బొట్లు, రెండోవైపు మూడు. భాయ్ మాట గుర్తు రాలేదా అంటారేమో. వచ్చింది. కానీ ఆయన చెప్పింది ఇంజన్ నూనె గురించి, ఇది పూజ నూనె కదా అనుకున్నాను. మెకానిక్ బ్రేకిచ్చినా పూజారి ఆపనివ్వడు. ఇక్కడ పూజారి నేనే.

సరళ వచ్చి వెనక కూర్చుంది. విరిగి అతికిన చెయ్యి నా భుజం మీద వేసింది. చొక్కాను గట్టిగా పట్టుకుంది. నిమ్మకాయలు చిట్లాయి, సెల్లార్ నుంచి పైకెక్కి, శంకర్‌ను దాటి వీధిలోకి వచ్చాం. మా వీధి గేటు నుంచి దిగుడే.

"నాయన వాసనొస్తాండాది," అంది మెల్లగా, పెట్రోలు పీల్చి. చొక్కా మీద పట్టు వదిలింది. ఏడాది తర్వాత విన్నాను ఆ గొంతు. ఆ క్షణంలో ఊరుకుని ఉంటే నేను మనిషినయ్యేవాణ్ణి.

కొత్త బ్రేక్ గొప్ప చూపిద్దామని ఇస్త్రీ బండి దగ్గర బ్రేక్ పట్టాను. వెన్నలో వేలు పెట్టినట్టుంది. ఆగలేదు. వెనక బ్రేక్ తొక్కాను, అది తన సలహా ఇచ్చింది. గేర్ తగ్గించొచ్చు కదా అంటారు. ఆ ఆలోచన నాకూ తట్టింది, మర్నాడు మధ్యాహ్నం.

"ఏంది, ఆపుతాండావా?" అంది సరళ.

"సూడు ఎట్ల ఆగుతదో," అన్నాను.

కిరాణా దుకాణం దాటింది.

"ఆపు, భయమైతాంది."

"ఆపుతున్న. కొత్త బ్రేక్ కదా, జర టైం పడతది. సూడు ఎట్ల ఆగుతదో."

నిజాంపేటలో ఏ వీధి చివరైనా ఎవరో ఇల్లు కడుతూనే ఉంటారు, దేవుడి దయ. ముందు చక్రం ఇసుక కుప్పలో సగానికి దిగి ఆగింది. దెబ్బలు తగల్లేదు. నిటారుగా, పెళ్ళి ఫొటోకు కూర్చున్నట్టు, ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. కుంకుమ నూనె ప్లేటంతా పాకి ఎర్రగా మెరుస్తోంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను సెల్లార్‌లో గెలిచి వీధిలో ఓడిపోయాను.

సరళ దిగి, చీర దులుపుకుని, వెనక్కి చూడకుండా పైకి నడిచింది. శంకర్ తీరిగ్గా వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ఫోన్ తీసి విల్లా ఆయనకు కలిపాడు. నన్ను తిట్టినా బాగుండేది.

యూసుఫ్ భాయ్‌కు ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "ప్లేటుకు షాదీ చేసినవా మియా?" అని, నవ్వి, నేను నవ్వకపోయేసరికి తగ్గి అన్నాడు: "ప్యాడ్లు మార్చి ప్లేటు కడిగితే చాలు. గంట పని."

బ్రేకుకు గంట పని. సరళను మళ్ళీ కూర్చోబెట్టడానికి ఎన్ని గంటలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మూడో రోజు ట్రాలీ ఆటో వచ్చింది. బండిని తాళ్ళతో కట్టారు. ఇప్పుడది ఎవరి హాల్లోనో పాలరాయి మీద నిలబడి ఉంది, ఎటూ కదలదు కాబట్టి ఆగే బాధా లేదు. ఆటో మలుపు తిరిగేదాకా సరళ చూసింది. గుడ్డను మడతపెట్టి అల్మారాలో దాచింది.

ఆ సాయంత్రం ఆమె ముందు నిలబడి కుడి చెయ్యి చాచి ప్రమాణం చేశాను: "ఇదిగో, పంచభూతాల సాక్షిగా చెప్తున్న. తిరిగే దేనికీ ఇగ నా జన్మల బొట్టు పెట్ట. సైకిల్‌కు పెట్ట, ఫ్యాన్‌కు పెట్ట, గ్రైండర్‌కు కూడా పెట్ట."

సరళ నవ్వలేదు. కోపం కూడా లేదు ఆ మొహంలో.

"బొట్టు సంగతి ఇడువు," అంది. "బ్రేక్ పడలేదని నీకు తెలిసినాక కూడా 'సూడు ఎట్ల ఆగుతదో' అన్యావే, రెండుసార్లు. దానికి సామాను యే షాపులో దొరుకుతాదో కనుక్కో పో."